తెలుగు వెబ్ అనువర్తనాలు – ప్రోగ్రామింగ్ పరిసరాల స్థాపన సమస్యలు: శాబ్దబోధ దృష్టితో పరిశీలన

వ్యాససంగ్రహం:

కంప్యూటరులో తెలుగు వాడకం గురించి జరిగిన చర్చ ఎక్కువగా ఫాంట్లు, కీబోర్డులు, పారిభాషిక పదాల చుట్టూ తిరిగింది. ప్రోగ్రామును మన యంత్రంలో నిలబెట్టి నడిపించే దశ, అంటే ‘సెటప్’ అని మనం వ్యవహరించే దశ, ఆ చర్చలోకి అంతగా రాలేదు. మూలసంకేతం బహిరంగంగా ఉన్న పద్మ, లేఖిని వంటి తెలుగు ఉపకరణాలను, బ్రౌజరులోనే నడిచే నేటి ప్రోగ్రామింగ్ పరిసరాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. స్థాపనదోషాలను ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే వాక్యార్థ హేతువుల వెలుగులో వర్గీకరిస్తుంది. తెలుగీకరణ తెర వద్దే ఆగిపోయిందనీ, దోషసందేశాలకు తెలుగులో టీకలు రాయడం తెలుగుశాఖలు చేపట్టవలసిన పని అనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, లేఖిని, పద్మ, యూనికోడ్, దోషసందేశం, శాబ్దబోధ, టీకాసంప్రదాయం.

1. ఉపోద్ఘాతం:

2022 ఏప్రిల్‌లో పశ్చిమగోదావరి జిల్లాకు కేంద్రమైన భీమవరంలో 1945లో నెలకొన్న డి.ఎన్.ఆర్. కళాశాల ఉంది. 1980లో మొదలైన ఎస్.ఆర్.కె.ఆర్. ఇంజనీరింగ్ కళాశాల కూడా అదే పట్టణంలో ఉంది. సాహిత్యవిద్యా సాంకేతికవిద్యా ఇరుగుపొరుగున ఉన్న ఇటువంటి పట్టణాలు ఆంధ్రదేశంలో ఇంకా ఉన్నాయి. అయినా ఒక నవలలో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో, ఒక కవి ఏ క్రియారూపాలను ఎక్కువగా వాడాడో యంత్రసహాయంతో లెక్కించాలనుకున్న తెలుగు పరిశోధకుడికి ఆ ఇరుగుపొరుగు అంతగా అక్కరకు రావడం లేదు. అతనికి కావలసిన ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతున్నాయి. వాటి మూలసంకేతం కూడా అందరికీ తెరిచే ఉంది. కానీ దింపుకొన్న ప్రోగ్రాము నడవదు. తెరమీద పది పన్నెండు ఆంగ్లపంక్తులు కనిపిస్తాయి. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగిపోయిన తరువాత “ఇది మనకు వచ్చే విద్య కాదు” అని తీర్మానించుకొంటారు.

ఆ తీర్మానం సరైనది కాదు. అక్కడ లోపించినది ప్రోగ్రామింగ్ ప్రతిభ కాదు. ఒక రకమైన వాక్యాన్ని చదివే అలవాటు మాత్రమే. వాక్యాన్ని విడదీసి చదవడంలో తెలుగు విద్యార్థికి ఉన్న శిక్షణ మరే శాఖ విద్యార్థికీ ఉండదు. ఈ వ్యాసానికి ప్రేరణ ఈ వైరుధ్యమే.

2. పరిశీలనా పద్ధతి:

తర్కసంగ్రహకర్త అన్నంభట్టు తెలుగువాడని ప్రసిద్ధి. వాక్యార్థజ్ఞానానికి ఆయన చెప్పిన హేతువులు మూడు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఒక పదం మరొక పదాన్ని అపేక్షించడం ఆకాంక్ష. “రైతు పొలాన్ని” అని ఆగితే వినేవాడు క్రియకోసం ఎదురుచూస్తాడు. పదాల అర్థాలు ఒకదానితో ఒకటి పొసగడం యోగ్యత. “కాలువనీటితో పొలం తడిపాడు” అంటే పొసగుతుంది, “నిప్పుతో పొలం తడిపాడు” అంటే పొసగదు. పదాలు ఆలస్యం లేకుండా దగ్గరదగ్గరగా ఉండడం సన్నిధి. ఉదయం “రైతు” అనీ సాయంత్రం “వచ్చాడు” అనీ పలికితే అవి రెండూ కలిసి వాక్యం కావు.

ప్రోగ్రాము కూడా ఒక వాక్యసముదాయమే. దానిని అర్థం చేసుకోవలసిన శ్రోత యంత్రం. ఆ శ్రోతకు వాక్యార్థం కుదరనప్పుడు పుట్టేదే దోషసందేశం. ఈ పోలిక అలంకారం కోసం తెచ్చినది కాదు. దీనివల్ల దోషాల వర్గీకరణ నిజంగా సులభమవుతుందా అన్నదే ఇక్కడి పరీక్ష.

3. లేఖిని – స్థాపన అక్కరలేని రచన:

తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దక్కింది. అయితే సంకేతం దక్కడం వేరు, మామూలు యంత్రంలో తెలుగు కనిపించడం వేరు. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చినా, ఒత్తులూ గుణింతాలూ సరిగా కనిపించాలంటే ప్రాంతీయభాషల అమరికలోకి వెళ్ళి సంక్లిష్టలిపుల ఎంపికను విడిగా చేయవలసి వచ్చేది. ఆ సమయంలో యంత్రం విండోస్ సీడీని అడిగేది. ఇంటర్నెట్ కేంద్రంలో గంట లెక్కన కూర్చొనేవాడి దగ్గర ఆ సీడీ ఉండదు. తెలుగువారు అంతర్జాలంలో మొదట ఎదుర్కొన్న సమస్యల్లో ఇదొకటి, ఇది స్థాపనసమస్యే.

రాయడంలోనూ ఇటువంటి ఇబ్బందే ఉండేది. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్ రోమన్ అక్షరాలతో తెలుగు రాసే పద్ధతిని రూపొందించారు. ఆర్.టి.ఎస్. అని ప్రసిద్ధమైనది అదే. తెలుగు వికీపీడియాను 2003 డిసెంబరులో ప్రారంభించిన వెన్న నాగార్జున, పత్రికల సొంత ఫాంటు సంకేతాలను యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ అనే ఉపకరణాన్ని తయారుచేశారు. ఆ మూలసంకేతాన్ని ఆధారం చేసుకొని వీవెన్ రూపొందించిన వెబ్ అనువర్తనం లేఖిని. ఒక పెట్టెలో ఆర్.టి.ఎస్. పద్ధతిలో రోమన్ అక్షరాలు కొడితే మరో పెట్టెలో తెలుగు వస్తుంది. దించుకోవడం, అనుమతులు అడగడం, యంత్రాన్ని మళ్ళీ మొదలుపెట్టడం వంటివేవీ ఉండవు.

లేఖిని సాధించిన విజయాన్ని సాధారణంగా లిప్యంతరీకరణ విజయంగా చెబుతారు. లిప్యంతరీకరణ అంతకుముందే ఉంది. లేఖిని కొత్తగా చేసిన పని స్థాపన అనే దశనే వాడుకరి దారినుండి తొలగించడం. మరొకటి కూడా గమనించాలి. పద్మ మూలసంకేతం తెరిచి ఉండకపోతే లేఖినికి ఆ పునాది దొరికేది కాదు. ఒకరి శ్రమ మరొకరికి మూలధనమైన ఈ పరంపర స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అన్న మాటకు తెలుగులో మనకున్న మంచి ఉదాహరణ.

4. పద్మ – ఆధారం మారినప్పుడు:

వాడుకరికి స్థాపన అక్కరలేదంటే స్థాపన అసలే లేదని అర్థం కాదు. ఆ బరువు తయారుచేసినవారి మీదికి, నిర్వహించేవారి మీదికి మారుతుంది. పద్మ చరిత్ర దీనిని స్పష్టంగా చూపుతుంది. అది ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు పొడిగింపుగా, అప్పటి పద్ధతిలో రాసిన ఉపకరణం. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57వ సంచిక పాతపద్ధతి పొడిగింపులన్నింటికీ ఆదరణ నిలిపివేసింది. ఒక్క అక్షరమూ మారని ప్రోగ్రాము, పరిసరం మారినందువల్ల నిలువనీడ కోల్పోయింది.

మూలసంకేతం తెరిచి ఉన్నందున దానిని కొత్త పరిసరానికి మార్చుకొనే హక్కు అందరికీ ఉంది. హక్కు ఉన్నంతమాత్రాన శక్తి ఉన్నట్లు కాదు. పాత సంకేతాన్ని దింపుకొని, దానికి కావలసిన పరిసరాన్ని నిలబెట్టి, ఎక్కడ ఆగిందో చదివి సరిచేయగలవారు ఉన్నప్పుడే ఆ హక్కు వినియోగంలోకి వస్తుంది. తాళపత్రప్రతి దొరకడం ఒకటి, దాని లేఖనసంప్రదాయం తెలిసి చదవగలగడం మరొకటి. సి.పి.బ్రౌన్ ప్రతులను సేకరించి ఊరుకోలేదు. పండితులను నియమించి పాఠాలను పోల్చి శుద్ధప్రతులు రాయించాడు. మూలసంకేతాన్ని బహిరంగం చేయడం ప్రతిని సంపాదించడం వంటిది. స్థాపనసూచనలను రాయడం శుద్ధప్రతిని సిద్ధం చేయడం వంటిది. తెలుగు ఉపకరణాల విషయంలో మొదటిపనికి దక్కిన గౌరవం రెండవపనికి దక్కలేదు.

5. స్థాపనదోషాల వర్గీకరణ:

5.1 ఆకాంక్షాదోషం: ఒక ప్రోగ్రాము తనకు అవసరమైన మరో గ్రంథాలయాన్ని పేరుపెట్టి పిలుస్తుంది. అది యంత్రంలో లేకపోతే “ఆ పేరుగల మాడ్యూల్ లేదు” అన్న సందేశం వస్తుంది. ఇది క్రియ లేని వాక్యం. లోపించిన పదాన్ని చేర్చితే వాక్యం పూర్తవుతుంది. ఏయే గ్రంథాలయాలు కావాలో ముందే జాబితాగా రాసి ఉంచే ఫైలు నిజానికి ఆ ప్రోగ్రాముకు ఉన్న ఆకాంక్షల పట్టిక.

5.2 యోగ్యతాదోషం: పదాలన్నీ ఉన్నా పొసగని స్థితి ఇది. పైథాన్ రెండవ తరానికి రాసిన ప్రోగ్రామును మూడవ తరం పైథాన్‌లో నడిపితే, ‘ప్రింట్’ అనే మాట తరువాత కుండలీకరణాలు లేనందుకే వ్యాకరణదోషం చూపి ఆగిపోతుంది. రెండవ తరానికి 2020 జనవరి 1తో ఆదరణ ముగిసింది. అంతకుముందు రాసిన పాఠాలు, పుస్తకాలు మాత్రం ఇంకా వాడుకలో ఉన్నాయి. విద్యార్థి పుస్తకంలో ఉన్నది ఉన్నట్లే కొట్టినా తప్పు వస్తుంది. తప్పు అతనిది కాదు, సంచికల మధ్య యోగ్యత లోపించింది. ఒక్కో పనికి విడివిడిగా పరిసరాన్ని కల్పించుకొనే సౌకర్యం పైథాన్ 3.3తో 2012లో వచ్చింది. దాని ప్రయోజనం ఈ పొసగనితనాన్ని నివారించడమే.

5.3 సన్నిధిదోషం: ప్రోగ్రాము యంత్రంలోనే ఉంటుంది. కానీ ఆజ్ఞ ఇచ్చినప్పుడు దానిని ఎక్కడ వెతకాలో యంత్రానికి తెలియదు. విండోస్‌లో పైథాన్ అని కొట్టగానే “ఇది అంతర్గత ఆజ్ఞగాగానీ బాహ్య ఆజ్ఞగాగానీ గుర్తింపు పొందలేదు” అన్న అర్థం వచ్చే సందేశం చాలావరకు ఇటువంటిదే. వెతకవలసిన చోట్ల జాబితాలో దాని చిరునామా చేరలేదు, అంతే. ఉన్న పదమే వినిపించనంత దూరంలో ఉంది. ఇది తెలియనివారు ప్రోగ్రామును తీసివేసి మళ్ళీ మళ్ళీ స్థాపిస్తారు. లోపం సన్నిధిలో ఉంటే ఆకాంక్షను పూరించబోవడం వల్ల ప్రయోజనం ఉండదు.

ఈ మూడింటిని వేరుచేయగలిగితే చికిత్స దానంతటదే తెలుస్తుంది: మొదటిదానికి చేర్చడం, రెండవదానికి సంచిక మార్చడం, మూడవదానికి దారి చూపడం.

6. ‘తెలుగు’ అన్న మాట దగ్గరే ఆగిన యంత్రం:

వాక్యార్థానికంటే ముందు వర్ణజ్ఞానం కావాలి. తెలుగు పరిశోధకుడికి ప్రత్యేకంగా ఎదురయ్యే దోషం ఇక్కడే ఉంది. ఒక ఫైలులో మొదటిమాట ‘తెలుగు’ అని ఉందనుకొందాం. దానిని నేటి వాడుక ప్రకారం యూటీఎఫ్-8 సంకేతంలో, ముందు ఏ అదనపు గుర్తూ లేకుండా దాచాం. ఆంగ్లాన్ని ప్రాంతీయభాషగా పెట్టుకొన్న విండోస్ యంత్రంలో, పైథాన్ 3.14 వరకు ఉన్న సంచికలతో, సంకేతం పేరు చెప్పకుండా దానిని తెరిచి చదివితే వచ్చే దోషసందేశపు చివరిపంక్తిని తెలుగులిపిలో రాస్తే ఇలా ఉంటుంది: “యూనికోడ్‌డీకోడ్‌ఎర్రర్: చార్మ్యాప్ కోడెక్ కాంట్ డీకోడ్ బైట్ 0ఎక్స్81 ఇన్ పొజిషన్ 11: క్యారెక్టర్ మ్యాప్స్ టు అన్‌డిఫైన్డ్”.

ఈ పంక్తి అర్థం ఇది: 11వ స్థానంలోని 81 అనే బైటుకు, నేను వాడుతున్న అక్షరపట్టికలో ఏ అక్షరమూ లేదు. 11 ఎందుకు వచ్చింది? యూనికోడ్ దృష్టిలో ‘తెలుగు’ ఆరు గుర్తుల మాట: త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, మొత్తం 18. యంత్రం సున్నతో లెక్క మొదలుపెడుతుంది కాబట్టి మొదటి మూడు గుర్తులు 0 నుండి 8 వరకు ఉంటాయి. లకారం మీది ఉత్వం 9, 10, 11 స్థానాల్లో ఉంటుంది. దాని చివరి బైటు 81. యంత్రం పొరపాటున వాడుతున్నది పశ్చిమయూరప్ భాషలకు ఏర్పరచిన 1252 సంఖ్యగల పట్టిక. అందులో అయిదు స్థానాలు ఖాళీ. తెలుగు ఉత్వపు గుర్తు, అరసున్న, పొల్లు, ఏ, ఐ, ఝ అనే వాటి చివరి బైట్లు సరిగ్గా ఆ ఖాళీలలోనే పడతాయి.

దీని ఫలితాన్ని వ్యాకరణపరంగా చెప్పవచ్చు. డు, ము, వు, లు అనే ప్రథమావిభక్తి ప్రత్యయాలన్నీ ఉత్వంతోనే ఉన్నాయి. ద్విత్వాలకూ సంయుక్తాక్షరాలకూ పొల్లు తప్పదు. కాబట్టి ఏ సహజమైన తెలుగు రచననైనా ఆ పట్టికతో చదవబోతే యంత్రం కొద్దిసేపట్లోనే ఆగిపోతుంది. ఆగిపోవడం మంచిది కూడా. ఫైలులో ‘కవిత’ అన్న ఒక్కమాటే ఉంటే దానిలో ఉత్వంగానీ పొల్లుగానీ లేవు. దోషసందేశం రాదు. నాలుగు గుర్తుల మాట 12 అర్థంలేని గుర్తులుగా మారి లెక్కలోకి ఎక్కుతుంది. మాట్లాడే దోషంకంటే మౌనంగా ఉండే దోషమే పరిశోధన ఫలితాలకు ఎక్కువ హాని చేస్తుంది.

పరిష్కారం చిన్నది. ఫైలును తెరిచే ఆజ్ఞలో సంకేతం యూటీఎఫ్-8 అని రాస్తే చాలు. పైథాన్ 3.15వ సంచిక నుండి ఇదే సహజస్థితిగా ఉండాలని ఆ భాషను నిర్వహించేవారు నిర్ణయించారు. అయితే అను వంటి పాతఫాంట్లలో టైపు చేసిన సిద్ధాంతగ్రంథాలకు ఈ పరిష్కారం పనిచేయదు. వాటిలో యంత్రానికి కనిపించేది తెలుగు కాదు, తెలుగు రూపం తొడుక్కొన్న వేరే గుర్తులు. వాటిని ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. పద్మ వంటి ఉపకరణాల విలువ అక్కడ మళ్ళీ తెలుస్తుంది.

7. బ్రౌజరులో పరిసరం – లాభం, పరిమితి:

లేఖిని రచనకు చేసిన మేలునే నేడు కొన్ని వెబ్ అనువర్తనాలు ప్రోగ్రామింగుకు చేస్తున్నాయి. 2014లో ఐపైథాన్ నుండి విడివడిన జూపిటర్, పాఠాన్ని, ప్రోగ్రామును, ఫలితాన్ని ఒకే పుటలో చూపే బహిరంగ ఉపకరణం. మొజిల్లా సంస్థలో 2018లో మొదలైన పయోడైడ్, పైథాన్‌ను బ్రౌజరు లోపలే నడిపిస్తుంది. ఈ రెండింటి కలయికగా వచ్చిన జూపిటర్‌లైట్‌కు పుట తెరవడం తప్ప స్థాపన లేదు. ప్రయోగశాల యంత్రంలో కొత్త ప్రోగ్రాము పెట్టే అనుమతి లేని డిగ్రీ విద్యార్థికి ఇది నిజమైన ఉపకారం. తెలుగుపాఠాన్ని యూటీఎఫ్-8గానే చదవడం అక్కడ సహజస్థితి కాబట్టి పైన వివరించిన దోషం ఎదురుకాదు. గూగుల్ నడిపే కోల్యాబ్ కూడా జూపిటర్ పునాదిమీద నిర్మించినదే. అయితే అది ఒక సంస్థ తన షరతులతో అందించే సేవ. ఉచితంగా దొరకడమూ స్వేచ్ఛగా మార్చుకోగలగడమూ ఒకటి కాదన్న వివేకం ఇక్కడ అవసరం.

పరిమితి కూడా లేఖిని, పద్మల కథ చూపినదే. స్థాపన కనిపించనంత మాత్రాన దాని జ్ఞానం అనవసరం కాదు. అందరూ పుట తెరిచి వాడుకొనేవారే అయితే, ఆ పుట ఆగిననాడు దానిని నిలబెట్టేవారు ఉండరు. కాబట్టి బ్రౌజరు పరిసరాన్ని ప్రవేశద్వారంగా స్వీకరించాలి. మొదటి నెలలో అక్కడ పాఠం చెప్పి, తరువాత సొంతయంత్రంలో అదే పరిసరాన్ని నిలబెట్టడం నేర్పడం సరైన క్రమం.

8. తెర తెలుగు, తెరవెనుక ఆంగ్లం:

హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను అందించింది. తెలుగు వికీపీడియా వాడే మీడియావికీ అనువర్తనపు మెనూలు, సందేశాలు వాడుకరుల శ్రమతో తెలుగులోకి వచ్చాయి. ఈ కృషి గొప్పది. కానీ దీని హద్దును కూడా గుర్తించాలి. అనువాదమైనది వాడుకరి చూసే తెర. ఆ అనువర్తనాన్ని స్థాపించే సూచనలు, దోషాలపై చర్చ, మార్పుల చరిత్ర ప్రధానంగా ఆంగ్లంలోనే సాగుతున్నాయి. వడ్డించేది తెలుగులో, వండేది ఆంగ్లంలో. ఈ ఏర్పాటులో తెలుగు పాఠకుడు ఎప్పటికీ వాడుకరిగానే మిగులుతాడు.

దీనికి తోడు పదాల సమస్య ఉంది. ప్రోగ్రామింగులోని ఎన్విరాన్‌మెంట్‌ను ‘పర్యావరణం’ అంటే చెట్లూ చెరువులూ స్ఫురిస్తాయి. ‘పరిసరం’ అంటే పని జరిగే చుట్టుపట్టు అన్న అర్థం దక్కుతుంది. డిపెండెన్సీని ‘ఆధారపడటం’ అంటే క్రియ వస్తుంది గానీ వస్తువు రాదు. ‘అపేక్షితం’ అనవచ్చు. వాడుకలో స్థిరపడిన ఫైలు, ఫోల్డరు, బ్రౌజరు వంటి మాటలను మార్చవలసిన పనిలేదు. కొత్త పదం కావలసినది పాతమాట అర్థం ఇవ్వనిచోటనే.

9. ప్రతిపాదన – దోషసందేశాలకు టీక:

“దోషసందేశాలను తెలుగులోకి అనువదిస్తే వెతికినప్పుడు పరిష్కారం దొరకదు, ప్రపంచమంతా మూలసందేశంతోనే వెతుకుతుంది కదా” అన్న ఆక్షేపణ న్యాయమైనదే. దానికి సమాధానం మన సంప్రదాయంలోనే ఉంది. టీకాకర్త మూలాన్ని తీసివేసి అర్థాన్ని పెట్టడు. మూలాన్ని ఉన్నది ఉన్నట్లు నిలిపి, దానికింద ప్రతిపదార్థం, అన్వయం, తాత్పర్యం రాస్తాడు. దోషసందేశానికి కావలసినది అనువాదం కాదు, ఇటువంటి వ్యాఖ్యానం.

అన్వయక్రమం కూడా నేర్పవలసినదే. పైథాన్ దోషసందేశంలో అసలు కారణం చివరిపంక్తిలో ఉంటుంది. పైవి అక్కడిదాకా ఎలా వచ్చామో చెప్పే మెట్లు. మొదటిపంక్తి నుండి చదివి బెదిరిపోయే విద్యార్థికి, సీసపద్యంలో క్రియ ఎక్కడో చివర ఉంటే ముందు దానిని పట్టుకొని కర్తృకర్మలను దానితో అన్వయించడం తెలుసు. అదే పని ఇక్కడా చేయాలని చెప్పేవారు కావాలి. ఒక్కో దోషానికి మూలసందేశం, ప్రతిపదార్థం, దోషం ఏ కోవకు చెందినదో, తాత్పర్యం, చికిత్స అన్న అయిదు అంశాలతో అరపుట టీక సరిపోతుంది. ఇటువంటి టీకలు యాభై ఉంటే తొలి ఏడాది విద్యార్థి ఎదుర్కొనే ఇబ్బందులు చాలావరకు తీరుతాయి. తెలుగుశాఖ విద్యార్థి భాషను, కంప్యూటరుశాఖ విద్యార్థి విషయాన్ని సరిచూస్తూ కలిసి రాయవచ్చు. భీమవరం వంటి పట్టణంలో ఇందుకు కొత్త సంస్థ అక్కరలేదు, రెండు కళాశాలల మధ్య రాకపోకలు చాలు.

10. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. లేఖిని విజయానికి ముఖ్యకారణం స్థాపనదశను వాడుకరి దారినుండి తొలగించడం. దానిని సాధ్యం చేసినది పద్మ మూలసంకేతం తెరిచి ఉండడం.

2. స్థాపన బరువు తొలగిపోదు, చేతులు మారుతుంది. దానిని మోయగలవారు లేనప్పుడు తెరిచిన మూలసంకేతం కూడా నిరుపయోగమయ్యే ప్రమాదం ఉంది.

3. తరచు ఎదురయ్యే స్థాపనదోషాలను ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి లోపాలుగా వర్గీకరించవచ్చు. సంకేతదోషం వీటికంటే ముందుదైన వర్ణస్థాయిలోనిది, తెలుగు పాఠాలకు ప్రత్యేకంగా హానికరమైనది.

4. బ్రౌజరు పరిసరాలు మంచి ప్రవేశద్వారాలు. అవి స్థాపనజ్ఞానానికి ప్రత్యామ్నాయం కావు.

5. దోషసందేశాలను అనువదించడంకంటే వాటికి తెలుగు టీకలు రాయడం ఉపయోగకరం. ఈ పనికి అవసరమైన పద్ధతి తెలుగు విద్యాసంప్రదాయంలో సిద్ధంగా ఉంది.

పద్యం అర్థం కాలేదని తెలుగు విద్యార్థి పద్యాన్ని వదిలిపెట్టడు, నిఘంటువూ వ్యాఖ్యానమూ దగ్గర పెట్టుకొని మళ్ళీ చదువుతాడు. తెరమీది పది ఆంగ్లపంక్తుల ముందు కూడా అతడు అలాగే కూర్చోగలగాలంటే, ఆ వ్యాఖ్యానాన్ని రాసి ఇవ్వవలసిన బాధ్యత అధ్యాపకులది.